ముందుముందు గార్నెట్

పేరు కుట్టడానికి పావుగంట చాలు. విప్పడానికే అరగంట పడుతుంది. సోరెల్ క్రీక్ ఊళ్ళో ఈ సంగతి వెర్నా ప్రోకోప్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. రింకులో ప్రేక్షకుల మెట్ల కింద, బాయిలర్ పక్కన, ఓ కుట్టుమిషనూ ఓ కుర్చీ పట్టేంత గదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా బ్యాడ్జర్స్ ఐస్ హాకీ జట్టు జెర్సీల వీపు మీద పేర్లు కుడుతున్నది ఆవిడే. కుట్టు గట్టిగా పడాలి, లేకపోతే ఐసు మీద మొదటి కుమ్ములాటకే పేరు ఊడి చేతికొస్తుంది. ఆటగాణ్ణి వేరే జట్టుకి ఇచ్చేశారని కబురు రాగానే మళ్ళీ అదే గట్టి కుట్టుని గుడ్డ చిరక్కుండా విప్పాలి. గార్నెట్ తీసెన్ జనరల్ మేనేజరుగా వచ్చిన ఈ రెండున్నరేళ్ళలో ఆవిడ కుట్టినదానికన్నా విప్పిందే ఎక్కువేమో అనిపిస్తోంది.

జనవరి రెండో సోమవారం ఉదయం, లైల్ మక్‌ఫీ తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు. ట్రాక్టర్ల షాపు అతనిది, జట్టు కమిటీకి అధ్యక్షుడూ అతనే. బూట్ల నిండా మంచు.

"తలుపు వెయ్యి లైల్. బయటి చలంతా నా మోకాళ్ళలోకే వస్తోంది."

"నీ మోకాళ్ళకేం, నాకంటే గట్టివి. ముందిది చూడు."

చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. మొదటిదాని మీద 'జనరల్ మేనేజర్ పనితీరు' అని పెద్ద అక్షరాలు. కింద గెలుపోటములు, ప్రేక్షకుల రాక, ఆటగాళ్ళ మార్పిడి అని మూడు గళ్ళు. జట్టు ఊరిదే కాబట్టి మేనేజర్ని ఉంచాలన్నా పంపాలన్నా ఊరివాళ్ళే ముగ్గురు తేల్చాలి. ఈ ఏడు ఆ ముగ్గురూ లైలూ, హైస్కూల్లో లెక్కలు చెప్పే డారిల్ స్టూసూ, వెర్నానూ.

"మొదటి గడి నేను నింపేశాను. పన్నెండు జట్లలో తొమ్మిదో చోటున ఉన్నాం, నింపడానికి పెద్ద కష్టం కాలేదు. జనం ఎంతమంది వస్తున్నారో డారిల్ రాశాడు. మూడోది నీది."

"నాకేం తెలుసు మార్పిడుల సంగతి?"

"వెళ్ళిపోయిన ప్రతివాడి పేరూ విప్పింది నువ్వు. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?" లైల్ మిషను అంచుమీద కూర్చోబోయి, ఆవిడ చూపు చూసి ఆగిపోయాడు. "గురువారం మూడింటికి చేతులెత్తడం. నేను పంపేయమంటాను, దాచేదేముంది? డారిల్ ఉంచమంటాడు. కుర్రాళ్ళ వయసులూ గ్రాఫులూ చూపించి, ఇంకో ఏడాదికి ఫలితం వస్తుందంటాడు. మిగిలింది నువ్వు."

"జట్టుని పడగొట్టి మళ్ళీ కట్టమన్నది మనమే కదా లైల్. చెయ్యెత్తింది నేను కూడా."

"కట్టమన్నాం! పడగొట్టి చేతులు దులుపుకోమన్నామా? రెండో కాగితం చదువు. డారిల్ గాడి దస్తూరీయే, నా మాట కాదు."

డారిల్ తన అలవాటు ప్రకారం గీతలు గీసి, ఒకవైపు 'ఇచ్చింది', రెండోవైపు 'వచ్చింది' అని రాశాడు. వెర్నా వేలు పెట్టి చదివింది. కొన్నిచోట్ల ఒకడికి ఇద్దరు వచ్చారు, కొన్నిచోట్ల ఒకడికి ఒకడు. ఏడుచోట్ల మాత్రం 'వచ్చింది' అన్న వైపు 'ముందు ముందు' అన్న ఒకే మాట ఉంది. ఆ మాట ఊరందరికీ తెలుసు. ఇప్పుడేమీ ఇవ్వలేం, ముందు ముందు చూసుకుందాం అని రెండు జట్లూ ఒప్పుకుంటే లీగు కాగితాల మీద రాసే మాట. ఆ ముందు ముందు అన్నది ఎప్పుడూ రాదనీ, వచ్చినా ఓ పెట్టెడు కర్రలో, పాత బస్సు టైర్లో తప్ప మరేం రాదనీ కాఫీ షాపులో జోకులు వేసుకుంటారు. అక్కడ గార్నెట్‌కి పేరే అది, ముందుముందు గార్నెట్.

"బుధవారం మధ్యాహ్నం పన్నెండుతో మార్పిడుల గడువు అయిపోతుంది," అన్నాడు లైల్ తలుపు దగ్గర. "గార్నెట్‌తో చెప్పాను. ఆ లోపు చేతికేదన్నా పట్టుకురా, నేనూ మెత్తబడతాను అని. నేనేం రాక్షసుణ్ణి కాదు వెర్నా. రేపంతా నువ్వు అతని ఆఫీసులో కూర్చో. ఏం చేస్తాడో నీ కళ్ళతో చూడు."

లైల్ వెళ్ళాక కూడా ఆవిడ ఆ ఏడు పేర్లనీ వదల్లేదు. ఒక్కోటీ ఎలా విప్పిందో గుర్తే. ఫెడొరుక్ పేరు పొడుగు, గంట పట్టింది. బోషేన్ జెర్సీ చంకలో చిరిగితే అతుకేసింది. మనిషి పేరుని అంత తేలిగ్గా పీకించేవాడికి మనసుంటుందా అని అప్పట్లో చాలాసార్లు అనుకుంది. సోమవారం సాయంత్రానికి వెర్నా చెయ్యి సగం లైల్ వైపే లేచి ఉంది.

*

గార్నెట్ ఆఫీసు ఒకప్పటి టికెట్ల గది. నలభై ఏడేళ్ళ సన్నటి మనిషి, బట్టతల, మెడకి ఎప్పుడూ కూతురు అల్లిన ఆకుపచ్చ మఫ్లర్. పొద్దుతిరుగుడు గింజలు పళ్ళ మధ్య చిట్లించి పొట్టు కాగితం కప్పులో ఉమ్మడం అతని అలవాటు. మంగళవారం ఎనిమిదింటికి వెర్నా వెళ్ళేసరికి సగం కప్పు నిండింది.

"రండి వెర్నా. నా మీద తీర్పు చెప్పడానికి వచ్చినవాళ్ళకి మంచి కుర్చీ ఇవ్వాలని ఉందిగానీ, ఉన్నదొక్కటే." తను లేచి బల్ల అంచున కూర్చున్నాడు. గింజల పొట్లం ముందుకు జరిపాడు. "లంచం కాదు."

"నా కట్టుడు పళ్ళకి ఇవి పడవులే. నీ పని నువ్వు చేసుకో, నేను లేననుకో."

ఆవిడ లేదనుకునే పని చేశాడో, ఉందని చేశాడోగానీ, గార్నెట్ మొదట ముగ్గురు తల్లులకి ఫోన్లు చేశాడు. మంగళవారం తల్లుల రోజట. ఒకావిడతో కొడుకు పంటి గురించి, ఇంకొకావిడతో కెమిస్ట్రీ మార్కుల గురించి, మూడో ఆవిడతో ఏమీ లేదు, ఆవిడే మాట్లాడుతుంటే పావుగంట ఊఁ కొట్టాడు. నా ముందు వేషం వేస్తున్నాడా అని వెర్నాకి అనుమానం వచ్చింది. కానీ అతను తిరగేస్తున్న నోటుబుక్కు అంచులు నలిగి మెత్తబడి ఉన్నాయి. ఇవాళ నా కోసం కొన్న పుస్తకం కాదులే అనుకుంది.

పదింటికి బేర్ రివర్ జట్టు మేనేజర్ నుంచి ఫోన్. గార్నెట్ రెండు చేతులూ గింజలతో ఉన్నాయి కాబట్టి మోచేత్తో స్పీకర్ నొక్కాడు.

"గార్నెట్, మీ కెప్టెన్ సంగతి ఏం తేల్చావ్? ఇద్దర్నిస్తున్నా. ఇద్దరూ పదిహేడేళ్ళవాళ్ళు. పెద్దవాడు ఇప్పటికే పదకొండు గోల్స్ కొట్టాడు. మీ లైల్ నిన్ను ముద్దు పెట్టుకుంటాడు."

"లైల్ ముద్దు నాకొద్దులే. రేపు చెప్తా."

"రేపెందుకూ? నువ్వు మునుగుతున్నావని లీగంతటికీ తెలుసు. నేను తాడు విసురుతున్నా, పట్టుకో."

"రేపు చెప్తానన్నానుగా." పెట్టేశాడు.

గంట తరవాత ఫోర్ట్ కార్మాక్ నుంచి ఫోన్. లీగులో మొదటి చోటున ఉన్న జట్టు. ఆ మేనేజరు మొహమాటపడుతూనే నవ్వాడు. "మీవాణ్ణి తీసుకోవడానికి మాకెంతో ఇష్టం గార్నెట్. కానీ తిరిగివ్వడానికి నా దగ్గర ఒక్కడు కూడా మిగల్లేదు. ముందు ముందు చూసుకుందామంటే సరే."

"నాకు తెలుసు. థాంక్స్. రేపు పదకొండింటికి ఫోన్ చేస్తా."

వెర్నాకి ఒళ్ళు మండింది. "ఇద్దర్నిస్తానన్నవాడితో రేపంటావు. ఏమీ ఇవ్వనన్నవాడికి థాంక్స్ చెప్తావు. ఊరు నవ్వదా గార్నెట్?"

"నవ్వుతూనే ఉందిగా."

"మీ ఆవిడ ఇక్కడ ఆస్పత్రిలో పని చేస్తోంది. పిల్లకింకా స్కూలు అవలేదు. నిన్ను పంపేస్తే వాళ్ళని కూడా లేవదీసుకుని పోవాలి. అది గుర్తుందా?"

"రోజూ పొద్దున్నే గుర్తొస్తుంది."

ఆవిడ డారిల్ కాగితాన్ని బల్ల మీద పరిచింది. తిడదామనే పరిచింది. ఆ ఏడు పేర్లూ మళ్ళీ ఒకసారి కంటబడ్డాయి. ఫెడొరుక్, బోషేన్, రెంపెల్... ఈసారి విప్పిన కుట్లు కాదు, కేకులు గుర్తొచ్చాయి. ఇరవై నిండిన ప్రతివాడికీ ఆవిడే సాస్కటూన్ పళ్ళ కేకు చేసి, మీద అంకె రాసి డ్రెస్సింగ్ రూముకి పంపిస్తుంది.

"ఈ ఏడుగురూ ఇరవయ్యేళ్ళవాళ్ళే," అంది నెమ్మదిగా.

గార్నెట్ నోట్లో గింజ చిట్లకుండా ఆగింది.

"ఇరవై నిండితే ఈ లీగులో అదే ఆఖరు చలికాలం. ఆ తరవాత కర్ర పక్కన పెట్టెయ్యాల్సిందే చాలామంది. ఆఖరి ఏడులో ఉన్నవాళ్ళనే ఇలా ఉత్తినే ఇచ్చేశావు. ఎక్కడెక్కడికి? ఫెడొరుక్ వెళ్ళిన జట్టు ఆ ఏడు ఫైనలాడింది. బోషేన్‌ది సెమీఫైనల్..." ఆవిడ వేలు మిగతా పేర్ల మీద ఆగి ఆగి నడిచింది. అందరూ ఏప్రిల్లో, గెలిచిన జట్లు మాత్రమే మిగిలే నెలలో, ఆడినవాళ్ళే.

"లీగుకి ఎప్పుడో తెలుసు. ఊళ్ళో మాత్రం మీరొక్కరే చూశారు," అన్నాడు గార్నెట్. "ఓడిపోయే జట్టులో ఆడమని కుర్రాణ్ణి అడగడం సులువు కాదు వెర్నా. నేను అడిగాను. ఉన్నన్నాళ్ళు నాతో ఓడిపో, వెనకొచ్చే చిన్నవాళ్ళకి నువ్వు నేర్పు, నీ ఆఖరి చలికాలం నిన్ను గెలిచే చోటికి పంపిస్తా అన్నాను. గెలిచే జట్టు జనవరిలో ఎవర్నీ వదులుకోదు. కాబట్టి వాడికి మంచి చోటు కావాలంటే నాకేమీ రాదు. నాకేదన్నా రావాలంటే వాడు బేర్ రివర్ లాంటిచోటికి పోయి, మార్చిలో మళ్ళీ బూట్లు విప్పుకుని ఇంటికి పోవాలి."

"ఈ మాట కమిటీకి చెప్పొచ్చు కదా?"

"ఎవరూ అడగలేదు. అడక్కుండా చెప్తే సాకులా ఉంటుంది."

వాళ్ళిద్దరూ అడిగిన కెప్టెన్‌కి కూడా ఇదే ఆఖరు చలికాలమని వెర్నాకి అప్పుడు తట్టింది. ఇరవయ్యేళ్ళ ఎమెట్ లారోక్. మూడు చలికాలాలుగా ఆవిడ ఇంట్లోనే మేడ మీది గదిలో ఉంటున్నవాడు. అక్టోబరులో ఆవిడ భర్త వాల్టర్ పోయినప్పుడు శవపేటికని ముందువైపు పట్టుకుని మోసినవాడు.

"ఎమెట్‌ని ఫోర్ట్ కార్మాక్ పంపిస్తావన్నమాట."

"పంపిద్దామనే. వాడు వెళ్ళనంటున్నాడు."

"ఎందుకట?"

గార్నెట్ మఫ్లర్ సర్దుకున్నాడు. "మీకు చెప్పొద్దన్నాడు."

"అయితే చెప్పకు." ఆవిడ కోటు బొత్తాలు మూడు పెట్టుకుంది. నాలుగోది దొరకలేదు. "చెప్పి చావు, గార్నెట్."

"మీ కోసం. మీరొక్కరే అయిపోతారని. పొద్దున్నే మీ వాకిట్లో మంచు ఎవరు తీస్తారట. మీరు వాడికి వండి పెట్టకపోతే మీకోసం వండుకోరట." అతను ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. "నాకు సంతకం పెట్టే అధికారం ఉంది. వాణ్ణి అడక్కుండా పంపించొచ్చు. కానీ అలా పంపిస్తే విసిరేశాననుకుంటాడు. ఉంచేస్తే నా మాట పోతుంది. బేర్ రివర్‌కి ఇచ్చేస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. నిన్న రాత్రి ఆ మూడోది కూడా ఆలోచించాను, అబద్ధం చెప్పను."

వెర్నా నాలుగో బొత్తాం పెట్టుకోకుండానే బయటికొచ్చింది. తీర్పు చెప్పడానికి వెళ్ళిన మనిషికి ఎదురు ప్రశ్న పడింది. ఆ కోపం గార్నెట్ మీదా, ఎమెట్ మీదా, చచ్చిపోయిన వాల్టర్ మీదా కలిసి వచ్చింది. రింకు మెట్లు దిగుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ చలికి కళ్ళమ్మట నీళ్ళు అందరికీ వస్తాయి కాబట్టి ఎదురొచ్చినవాళ్ళెవరూ పట్టించుకోలేదు.

*

ఆ సాయంత్రం ఆవిడ పెరోగీలు, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, చేసింది. ఎమెట్ ప్రాక్టీసు నుంచి వచ్చి, ట్రక్కు ఇంజన్ గడ్డకట్టకుండా ప్లగ్గు పెట్టి, చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. మనిషి ఆరడుగుల పైన, విరిగి అతికిన ముక్కు. పద్నాలుగు పెరోగీలు తిన్నాక మాట మొదలైంది.

"గడువు రేపే కదరా?"

"అవును మిసెస్ పీ. ఈసారి మన జట్టులో పెద్దగా ఏం జరగదులెండి."

"నువ్వు?"

"నేనెక్కడికి పోతాను? నాకిక్కడే బాగుంది. క్రీమ్ ఇటు అందుకోండి."

అబద్ధమాడేటప్పుడు ఎమెట్ ముక్కు రుద్దుకుంటాడు. వాల్టర్ బతికుండగా పేకాటలో వాణ్ణి అలాగే ఓడించేవాడు. వెర్నా క్రీమ్ గిన్నె జరిపి ఊరుకుంది. వెళ్ళరా అంటే, పర్లేదండీ అంటాడు. నాకేం ఇబ్బంది లేదంటే నమ్మడు. మాటలతో వీణ్ణి గెలవలేనని ఆవిడకి తెలుసు, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా గిన్నెలు కడగకుండా ఆపలేకపోయింది. ఆ గిన్నెల చప్పుడు వింటూ కుర్చీలో కూర్చుంటే, వాడు ఉండిపోతే ఎంత బాగుండునో అనిపించింది. అనిపించిందని ఒప్పుకుంటే తప్పేముంది? ఇంట్లో ఇంకో మనిషి చెప్పుల చప్పుడు ఉంటే ఆవిడకి నిద్ర పడుతుంది.

బుధవారం ఉదయం ఆరింటికి, వాడింకా లేవకముందే, ఉతికిన జెర్సీల మూటలోంచి పదిహేడో నంబరు తీసి వంటింటి బల్ల మీద పరుచుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒక్క నియమం తప్పలేదు. మేనేజరు నుంచి కబురు రానిదే ఎవరి పేరూ విప్పదు. పుకార్లు ఎన్ని వచ్చినా, పేపర్లో పడినా సరే, ఫోను మోగాలి, అప్పుడే కుట్లు విప్పే చిన్న కత్తి చేతిలోకి తీసుకుంటుంది.

ఇవాళ ఫోను మోగలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొదటి కుట్టు కింద కత్తి మొన దూర్చింది. మూడు కుట్లు తెంపి, ఒకటి వదిలి, మళ్ళీ మూడు. తెగిన దారాలు టీ సాసర్లో వేసింది. పేరు పూర్తిగా ఊడొచ్చాక జెర్సీని తిరగేసి, గుండె మీద కెప్టెన్‌కి గుర్తుగా ఉండే అక్షరం కూడా విప్పడం మొదలుపెట్టింది. అది ఆవిడ రెండు వరసలు కుట్టింది, అందుకని ఆలస్యమైంది. ఎమెట్ మెట్లు దిగి వచ్చేసరికి చివరి మూల మిగిలింది.

వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "గార్నెట్ ఫోన్ చేశాడా? నేను వద్దన్నాను కదా! నాకు మాటిచ్చాడు, అడక్కుండా..."

"అతను చెయ్యలేదు."

"మరి?"

"నేనే విప్పేశాను." ఆఖరి దారం లాగి అక్షరాన్ని బల్ల మీద పెట్టింది. "మళ్ళీ కుట్టను ఎమెట్. ఈ జట్టులో ఇంకెవరికీ కుట్టడం రాదు. పేరు లేకుండా ఆడతావా?"

"మిసెస్ పీ..."

"కూర్చో. నిలబడితే నీ మొహం చూడాలంటే నా మెడ పట్టేస్తుంది. మంచు సంగతి పక్కింటి ఆన్యాతో మాట్లాడాను, వాళ్ళ మిషనుతో నా వాకిలి కూడా తీస్తారు. ఇక వంట. నువ్వు రాకముందు నలభయ్యేళ్ళు వండుకుని బతికాను. వాల్టర్ కోసం నువ్వు ఉండాల్సినంతా ఉన్నావు. నా కోసం నువ్వు ఏప్రిల్లో ఇంట్లో కూర్చుంటే, రోజూ నీ మొహం చూస్తూ ముద్ద ఎలా దిగుతుందిరా నాకు?"

ఎమెట్ కూర్చున్నాడు. పెద్ద పెద్ద చేతులతో ఆ జెర్సీని దగ్గరికి లాక్కుని, పేరున్నచోట వేలితో తడిమాడు. అక్కడ గుడ్డ మిగతా వీపు కంటే కొత్తగా, ముదురు రంగుతో ఉంది. వెర్నా లేచి గుడ్లకి పెనం పెట్టింది.

"నాకు వెళ్ళాలనే ఉంది," అన్నాడు చివరికి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"తెలుసు. రెండు గుడ్లా, మూడా?"

"నాలుగు."

పదకొండింటికి గార్నెట్ ఫోర్ట్ కార్మాక్‌కి ఫోన్ చేశాడు. పన్నెండింటికి ఐదు నిమిషాలుందనగా లీగు నుంచి కాగితం వచ్చింది. ఎమెట్ లారోక్ పేరు ఎదురుగా, 'వచ్చింది' అన్నచోట, అదే మాట. ఒంటిగంటకల్లా కాఫీ షాపులో ఊరంతా నవ్వింది.

*

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఎమెట్ బయల్దేరాడు. ఆరుగంటల ప్రయాణం, పడమటి నుంచి మంచుగాలి లేస్తోందని రేడియోలో చెప్పారు. వెర్నా వాడి పక్క సీట్లో దుప్పటీ, కొవ్వొత్తి, ఫ్లాస్కు నిండా బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్ పెట్టింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. చేరగానే ఫోన్ చెయ్యి అని ఆవిడ అంటే, చేస్తానని వాడన్నాడు. ట్రక్కు మలుపు తిరిగాక ఆవిడ లోపలికెళ్ళి వాడి పక్కగుడ్డలు తీసి మిషన్లో వేసింది. సబ్బు వెయ్యడం మర్చిపోయి, రెండోసారి తిప్పాల్సి వచ్చింది.

మూడింటికి రింకు మేడ మీద గదిలో ముగ్గురూ కూర్చున్నారు. డారిల్ తన కాగితాలన్నీ తెచ్చాడుగానీ తెరవలేదు. నలభయ్యేళ్ళవాడు, నిజాయితీపరుడు, దిగులుగా ఉన్నాడు.

"ముందు నేను చెప్తాను," అన్నాడు. "రెండేళ్ళుగా అతన్ని వెనకేసుకొచ్చింది నేను. చిన్నవాళ్ళని బాగానే పోగుచేశాడు. కానీ నిన్న ఇద్దరొచ్చే చోట సున్నా తెచ్చాడు. ఏడు సున్నాలు సర్ది చెప్పాను. ఎనిమిదోది నావల్ల కాదు లైల్. పంపేద్దాం."

ఉంచమనేవాడొకడు ఉన్నాడనే ధైర్యంతో వచ్చిందావిడ. లైల్ ఆశ్చర్యంగా డారిల్‌ని చూసి, తరవాత ఆవిడ వైపు తిరిగాడు. "అయిపోయినట్టేగా. నువ్వు వేరే చెప్పేదేముంది? నీ ఇంట్లోంచే తీసుకుపోయాడు కుర్రాణ్ణి."

"అతను తీసుకుపోలేదు. నేను పంపించాను."

"ఏంటీ?"

"నిన్న పొద్దున్న ఆరింటికి ఎమెట్ పేరు విప్పేశాను. కాగితం మధ్యాహ్నం వచ్చింది. ఎనిమిదో సున్నా నాది. అది తప్పయితే ముందు నన్ను ఈ కమిటీలోంచి పంపించి, తరవాత అతని సంగతి చూడండి." డారిల్ కాగితాన్ని లాక్కుని బల్ల మధ్యలో పెట్టింది. "ఇచ్చింది, వచ్చింది అని గీతలు గీశావు డారిల్. చక్కగా గీశావు. వెళ్ళినవాడు ఎక్కడికి చేరాడో రాయడానికి గడే లేదు. ఈ ఎనిమిది మందీ మన కోసం ఓడిపోయినవాళ్ళు. ఓడిపోతామని తెలిసి రింకులోకి దిగినవాళ్ళు. వాళ్ళకి ఆఖర్న ఒక్క ఏప్రిల్ ఇస్తానని గార్నెట్ మాటిచ్చాడు. ఎనిమిది మాటలిచ్చి ఎనిమిదీ నిలబెట్టుకున్నాడు. ఇద్దర్ని తెచ్చి తన ఉద్యోగం కాపాడుకోవచ్చు, లైల్ నువ్వే దారి చూపించావు కూడా. అయినా కాపాడుకోలేదు. మేనేజరు పనితీరంటే మీకేంటో నాకు తెలీదు, నాకు మాత్రం ఇదే."

డారిల్ తన గీతల వంక చూస్తూ కూర్చున్నాడు. లైల్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కిటికీలోంచి కింద ఐసు కనిపిస్తుంది. డెబ్భై తొమ్మిదిలో అదే ఐసు మీద అతనూ ఆడాడు, ఆ కబుర్లు వినని మనిషి ఊళ్ళో లేడు. కానీ ఆ తరవాత అతనన్నది మాత్రం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నా ఆఖరి చలికాలం నా కోసం ఓ మంచి జట్టు అడిగిందట. మెల్విల్ దాటాక ఉండేది. నేనుంటే టికెట్లు అమ్ముడవుతాయని మన మేనేజరు ఇవ్వనన్నాడు. నాకు చెప్పను కూడా లేదు. ఆయన పోయినప్పుడు, అంత్యక్రియల భోజనాల దగ్గర ఎవరో నవ్వుతూ చెబితే తెలిసింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు." అతను కిటికీలోంచి చూపు తిప్పలేదు. "ఆ ఏడు వాళ్ళు కప్పు గెలిచారు. నేను మార్చి ఆరో తారీఖునుంచి ఎరువులు మోశాను."

"లైల్," అంది వెర్నా మెత్తగా.

"జాలి పడకు, నాకొద్దు." గట్టిగా ముక్కు చీదుకున్నాడు. "నన్నెవరూ అడగలేదు. ఈ ముందుముందు గాడు ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి అడుగుతున్నాడు. నేను వాణ్ణి చూసి నవ్వుతూ తిరిగాను." మొదటి కాగితం లాక్కుని, తన దస్తూరీతో 'పంపాలి' అని ముందే రాసి ఉంచినదాన్ని నిలువునా కొట్టేశాడు. "ఇంకో రెండేళ్ళు. ఆ తరవాత కూడా తొమ్మిదో చోటునే ఉంటే నేనే తరిమేస్తా, రాసుకో."

డారిల్ ఇంకా వద్దనే ఉన్నాడు. రెండు చేతులు లేచాయి కాబట్టి అతని చెయ్యి అవసరపడలేదు. ఆ మాట మినిట్సులో రాసి, సంతకం పెట్టి, కాగితాలు సర్దుకుంటూ, "ఎక్కడికి చేరారో ఆ గడి కూడా గీసుంటే బాగుండేది," అన్నాడు తనలో తాను.

వెర్నా మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. గ్లోవ్ తియ్యడానికి పళ్ళు వాడాల్సి వచ్చింది. ఎమెట్. రోడ్డు మీద గంటన్నర ఆగిపోయాడట, మంచు తీసే బండి వెనకే వచ్చాడట. కొత్త ఇంటావిడ మంచిదట, కానీ ఆవిడ చేసిన బోర్ష్‌లో బీట్‌రూట్ సరిపోలేదని చెప్పలేకపోయాడట. సరే తినరా, రేపు మళ్ళీ మాట్లాడదామని పెట్టేసింది.

కింద, ఆఫీసు తలుపు తెరిచే ఉంది. గార్నెట్ కోటు వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, బల్ల మీద పొట్టుతో పొర్లుతున్న కప్పు. మేడ మీద ఏం జరుగుతోందో అతనికి తెలుసు. మూడింటి నుంచి అలాగే నిలబడ్డట్టున్నాడు. ఆవిడని చూడగానే రెండడుగులు ముందుకేశాడు.

"చేరాడా?" అన్నాడు.

ముందు తన ఉద్యోగం సంగతే అడుగుతాడనుకుంది వెర్నా.

"చేరాడు. మంచు బండి వెనకాల వచ్చాట్ట, ఆలస్యమైంది. భోంచేస్తున్నాడు." ఆవిడ దగ్గరికెళ్ళి, జారిపోయిన మఫ్లర్ కొసని అతని కోటులోకి దోపింది. "నువ్వు కూడా ఇక్కడే ఉంటున్నావు. రెండేళ్ళు."

మొదటి మాటకి గార్నెట్ హమ్మయ్య అనుకుంటూ తల ఊపాడు. రెండో మాట అతని చెవికెక్కడానికి కొంచెంసేపు పట్టింది.